సెప్టెంబరు దాకా ఆగని కోసిమీనా

ఆ ఏడు ఫిబ్రవరిలో పాల్మీరాను పాతిపెట్టి వచ్చిన మధ్యాహ్నం, మా అత్త కోసిమీనా నల్లబట్టలు మార్చుకోకుండానే పొయ్యి వెలిగించి, అటు తిరిగే చెప్పింది.

"ఈసారి నేను సెప్టెంబరు దాకా ఆగను."

మా మావకు అర్థం కాలేదు. నా మొగుడు బియాజోకు అర్థమైనా వినపడనట్టు రొట్టె తుంచుకుంటున్నాడు. నేను మాత్రం చేతిలో గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

పాల్మీరా మా పక్కింటావిడ. చలికాలం మధ్యాహ్నాలు మా వంటింటి బల్ల దగ్గర అత్తా ఆమే కూర్చుని, చిక్కుళ్ళు ఒలుచుకుంటూ ఒకటే ప్రయాణం గురించి మాట్లాడుకునేవాళ్ళు. ఒత్రాంతో పట్టణం నుంచి తీరం వెంట కిందికి, బాదిస్కో, సాంతా చెజారియా, కాస్త్రో, త్రికాజె. నేల అయిపోయి రెండు సముద్రాలు కలిసే లేవుకా దాకా. అక్కడి నుంచి ఆవలి తీరం పట్టుకుని పైకి, గల్లీపొలి దాకా. ఏ ఊళ్ళో ఎన్నాళ్ళుండాలి, ఏ రేవులో ఏం తినాలి అని రోజుల తరబడి వాదించుకునేవాళ్ళు. చివరికి ఎప్పుడూ ఒకటే మాట. సెప్టెంబరులో వెళ్దాం, అతిథులంతా వెళ్ళిపోయాక. సెప్టెంబరు వచ్చేది. టమాటాలు ఉడకబెట్టి సీసాల్లో పట్టాలి. ఆ తర్వాత ద్రాక్ష కోత. ఆ తర్వాత ఆలివ్ కాయలు రాలతాయి. చూస్తూ చూస్తూ మళ్ళీ చిక్కుళ్ళు ఒలుచుకుంటూ కూర్చునేవాళ్ళు.

మాది ఒత్రాంతోకి ఉత్తరాన, సముద్రం ఒడ్డున బస ఇల్లు. పైన గదులు, కింద ద్రాక్ష పందిరి కింద భోజనాల బల్లలు. మే నెలాఖరు నుంచి ఖాళీ ఉండదు. జనం సముద్రం కోసమని చెప్పి వస్తారుగానీ, నిజానికి వచ్చేది మా అత్త చేతి వంట కోసం. నేను దుప్పట్లు ఉతికేదాన్ని, గదులు తుడిచేదాన్ని, వంటింట్లో తరగమన్నవి తరిగేదాన్ని. బియాజో రిపేర్లూ సరుకులూ చూసేవాడు. మావ పంతలేయో వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుని, వచ్చినవాళ్ళకి ఎక్కడికెళ్ళాలో, ఏం చూడాలో చెప్పేవాడు. అది పనేనా అంటే, ఆయన దృష్టిలో అదే అసలు పని.

"ఆగకపోతే ఎప్పుడు వెళ్తావ్?" అని అడిగాడు మావ, సూపు చల్లారిపోయాక.

"జూన్‌లో. సాన్ జొవాన్ని పండగ వెళ్ళిన మర్నాడు."

"జూన్‌లో ఇల్లు ఎవరు చూస్తారు?"

అత్త నా వైపు చూసింది.

*

బియాజో తల్లిని మరిపించబోయాడు. ఒక సాయంత్రం పక్కన చేరి, "అమ్మా, నీకు చూడాలనుంటే ఆదివారం కార్లో తీసుకెళ్తా. పొద్దున్నే బయల్దేరితే అంతా చుట్టేసి వంట వేళకి వచ్చేద్దాం," అన్నాడు.

"అలా తీసుకెళ్ళేది చేపల్ని రా, పాడైపోతాయని," అంది అత్త. "నేనేం పాడైపోను."

"అదే సముద్రం కదమ్మా. ఇక్కడున్నదే అక్కడా ఉంది."

"అయితే మన ఇంటికి జనం ఎందుకొస్తున్నారు? వాళ్ళ ఊళ్ళో నీళ్ళు లేకనా?"

బియాజో నవ్వి ఊరుకున్నాడు. అత్త మాత్రం ఊరుకోలేదు. చేతిలో ఉన్న ఉల్లిపాయ పక్కన పెట్టి మరీ చెప్పింది. "వాళ్ళని చూడు. పొద్దున కాస్త్రో, మధ్యాహ్నం లేవుకా, సాయంత్రం గల్లీపొలి. రాత్రి బల్ల దగ్గర కూర్చున్నాక ఏం చూశారమ్మా అంటే, కారు పెట్టుకోడానికి ఎక్కడ చోటు దొరకలేదో చెప్తారు. నేనలా వెళ్ళను. ఒక ఊళ్ళో దిగితే అక్కడ నాకు రొట్టె అమ్మేవాడు నన్ను గుర్తుపట్టేదాకా ఉంటాను. ఆ తర్వాతే పక్క ఊరు."

ఆమె లెక్కలో తొందర లేదుగానీ పద్ధతి ఉంది. మధ్యాహ్నం భోజనానికి ముందే ఊరు చేరాలి. తిని పడుకోవాలి. సాయంత్రం గాలి ఎటుందో చూసుకోవాలి. దక్షిణం నుంచి షిరోక్కో వీస్తే ఆవలి తీరం చెత్తతో నిండిపోతుంది, ఈవలి తీరం నీళ్ళు అద్దంలా ఉంటాయి. ఉత్తరం నుంచి త్రమొంతానా వీస్తే అంతా తిరగబడుతుంది. గాలి మారేదాకా ఉన్నచోటే ఉండాలి. బస్సు కోసం మనిషి ఆగొచ్చుగానీ గాలి కోసం ఆగితే మాత్రం తప్పేంటని ఆమె వాదన.

బసల కోసం నడవలో ఉన్న ఫోన్ దగ్గర నిలబడి తనే మాట్లాడేది. బాదిస్కోలో ఒక వితంతువు గది ఇస్తానంది.

"ఎన్నాళ్ళుంటారమ్మా?" అని అడిగిందట ఆవిడ.

"ఉండాలనిపించినన్నాళ్ళు."

"అలా చెప్తే ఎలాగండీ? జులైలో నాకు వేరేవాళ్ళొస్తారు."

"నాకూ జులైలో వేరేవాళ్ళొస్తారు. వాళ్ళని వదిలేసి వస్తున్నాను. మీవాళ్ళు రాకముందే లేస్తాలెండి."

ఇవతలి నుంచి మావ ఎగతాళి చేసేవాడు. "రాణిగారి దండయాత్ర. ఏనుగులు ఎప్పుడొస్తాయి?"

ఒకరోజు అత్త ఆయన్నే పట్టుకుంది. "ఏమయ్యా, ఊరందరికీ దారి చెప్తావు కదా, నాకూ చెప్పు. బాదిస్కోలో బస్సు ఎక్కడ ఆగుద్ది?"

"సముద్రం పక్కనే."

"సముద్రం పక్కన చాలా ఉంది. పైన రోడ్డు మీదా, కింద రేవులోనా?"

మావ పందిరి వైపు చూశాడు. "అక్కడే... మలుపు దగ్గర."

"ఏ మలుపు? నువ్వసలు వెళ్ళావా?"

"వెళ్ళకపోతే ఇన్నేళ్ళుగా జనానికెలా చెప్తున్నాను?"

"అదే అడుగుతున్నా."

బియాజో ముఖం తిప్పుకుని నవ్వడం నేను చూశాను. గుచ్చి గుచ్చి అడగ్గా తేలిందేమిటంటే, మావ చిన్నప్పుడు వాళ్ళ నాన్నకి ఒంటి మీద దద్దుర్లొస్తే గంధకపు నీళ్ళ స్నానానికని సాంతా చెజారియా వెళ్ళారట, మావనీ వెంట తీసుకెళ్ళారట. అంతే. అక్కడి నుంచి ముందుకు ఆయనెప్పుడూ అడుగు పెట్టలేదు. తిరిగొచ్చిన అతిథులు చెప్పింది విని, కొత్తగా వచ్చిన అతిథులకి చెప్పేవాడు.

*

ఆమె ప్రయాణపు ఏర్పాట్లలో నేను కూడా ఒక ఏర్పాటునని ఏప్రిల్‌లో తెలిసింది. పొద్దున్నే నన్ను పొయ్యి ముందు నిలబెట్టి, తను వెనకాల కుర్చీలో కూర్చునేది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, నేను ఏం చేసినా అక్కడి నుంచి లేచేది కాదు.

మట్టికుండలో ఆక్టోపస్ ఉడికించాను. రబ్బరులా సాగింది.

"మళ్ళీ," అంది.

చిక్కుడుపప్పు ముద్ద అడుగంటింది.

"మళ్ళీ."

బియ్యం, బంగాళాదుంపలు, ఆల్చిప్పలు పొరలుగా పేర్చి కాల్చే పళ్ళెం మూడోసారి కూడా పైన మాడి లోపల పచ్చిగా వచ్చిన రోజు నాకు ఓపిక పోయింది. గరిటె విసిరేశాను.

"నీ ప్రయాణానికి నన్నెందుకత్తా పొయ్యిలో పెడతావు? నీ వంట కోసం వస్తారు వాళ్ళు. నా వంట తిని ఒక్కరైనా ఉంటారా? పోయేది ఈ ఇంటికున్న మంచిపేరే."

"పోనీ."

"అంత తేలికా?"

"పాల్మీరా ఆస్పత్రిలో ఏమందో తెలుసా?" అంది. "సెప్టెంబరుకి లేచి తిరుగుతానులే కోసిమీనా అంది. చచ్చిపోయే ముందురోజు. నేను సరేనన్నాను. నవ్వుతూ సరేనన్నాను." కుర్చీ ముందుకి జరుపుకుంది. "నేను నిన్ను బతిమాలట్లేదే నున్సియా. నేర్పుతున్నాను. నీకిష్టం లేకపోతే ఇప్పుడే చెప్పు. ఇంటికి తాళం వేసి వెళ్తాను."

తాళం వేస్తుందని నాకు తెలుసు. ఆమె ముఖంలో బెదిరింపు లేదు, అందుకే తెలుసు. నేను వంగి గరిటె తీసుకుని, బంగాళాదుంపల బుట్ట దగ్గరికి లాక్కున్నాను.

*

పండగ రోజు మధ్యాహ్నం, రేపు బయల్దేరుతుందనగా, మావ బల్ల దగ్గర గుండె పట్టుకుని పక్కకి ఒరిగాడు. ముఖమంతా చెమటలు పట్టాయి. అతిథులు లేచి నిలబడ్డారు. బియాజో పరుగున వెళ్ళి డాక్టరుగారిని తీసుకొచ్చాడు.

డాక్టరుగారు మంచం పక్కన కూర్చుని చాలాసేపు గుండె చప్పుడు విన్నారు. నాడి చూశారు. "మధ్యాహ్నం ఏం తిన్నారు?" అని అడిగారు.

"వేయించిన మిరపకాయలు," అంది అత్త. పొడుగ్గా, తియ్యగా ఉండే మా పక్క మిరపకాయలు.

"ఎన్ని?"

మావ గోడ వైపు తిరిగాడు.

"గుండె గాడిదలా గట్టిగా ఉంది," అన్నారు డాక్టరుగారు లేస్తూ. "సోడా ఉప్పు కలిపి తాగించండి. రెండ్రోజులు నూనె తగ్గించండి."

ఆయన వెళ్ళాక మావ చిన్న గొంతుతో అన్నాడు. "నిజంగానే వచ్చింది నొప్పి."

"వచ్చే ఉంటుంది," అంది అత్త. ఆయన నుదురు తుడిచింది. దిండు సరిచేసింది. ఆ చేతుల్లో కోపం లేదు.

"నువ్వు లేనప్పుడు మళ్ళీ వస్తే?"

"నున్సియా ఉంది. బియాజో ఉన్నాడు. సోడా ఉప్పు ఉంది."

మెట్ల దగ్గర బియాజో నన్ను ఆపాడు. "నీ మాట వింటుంది. ఈ ఒక్క ఏడూ ఆగమని చెప్పు. నాన్న పరిస్థితి చూశావుగా."

చూశాను. ఆ మాట చెప్పడం నాకు సులువే. అత్త ఆగితే నా బతుకు కూడా సులువే. రేపు పొద్దున లేచి, తరగమన్నవి తరిగి, దుప్పట్లు ఉతుక్కోవచ్చు.

"రేపు అన్ని బల్లలకీ నేను వండుతాను," అన్నాను. "ఆగమని మాత్రం నేను చెప్పను. చెప్పాలనుంటే నువ్వే చెప్పుకో."

బియాజో చెప్పలేదు.

మర్నాడు పొద్దున్న బస్సొచ్చింది. అత్త చేతిలో ఒక చిన్న పెట్టె, భుజాన గుడ్డసంచీ. ఆ సంచీలో తన కాఫీ గిన్నె ఉంది, పక్కవాళ్ళ కాఫీ మీద నమ్మకం లేక. మావ కిందికి రాలేదు. పైన కిటికీ తలుపు మాత్రం కొంచెం తెరుచుకుని ఉంది. అత్త అటు చూసి, చెయ్యి ఊపకుండా, బస్సెక్కింది.

*

మొదటి వారం గురించి చెప్పుకోడానికి నాకిప్పటికీ మనసొప్పదు. బారి నగరం నుంచి ఏటా వచ్చే ఇంజనీరుగారి భార్య ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఫోర్కు పక్కన పెట్టింది.

"సిన్యోరా కోసిమీనా లేదా?"

"ప్రయాణంలో ఉందండీ."

"ఎప్పుడొస్తుంది?"

"తెలీదండీ."

రెండ్రోజులకే వాళ్ళు పెట్టెలు సర్దుకున్నారు. ఆవిడ మర్యాదగా ఏదో తలనొప్పి సంగతి చెప్పింది. ఆ మధ్యాహ్నం గిన్నెలు తోముతూ ఏడ్చాను. బియాజో వచ్చి, ఏమీ అడక్కుండా చొక్కా చేతులు మడుచుకుని, ఆల్చిప్పల బుట్ట ముందేసుకుని రుద్దడం మొదలుపెట్టాడు. సగానికి సగం సరిగ్గా రుద్దలేదు. అయినా అప్పట్నుంచి రోజూ పొద్దున్నే అతను అక్కడే కూర్చున్నాడు.

నేను అత్తలా వండడం మానేశాను. పది రకాలు వండి పది రకాలూ పాడుచేసే బదులు, రోజుకి రెండే వండుతానని పందిరి కిందికి వెళ్ళి చెప్పాను. "ఇవాళ ఉన్నది ఇది. ఇష్టమైతే కూర్చోండి." జనం ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. కూర్చున్నారు.

అత్త ఫోన్ చేసేసరికి వారం దాటింది. ఇంకా బాదిస్కోలోనే ఉందట.

"బాదిస్కోనా?" అన్నాడు బియాజో. "అమ్మా, మన డాబా ఎక్కి పిలిస్తే వినపడుద్ది. ఈపాటికి నత్త బయల్దేరినా లేవుకా చేరుండేది."

"నత్త ఎక్కడ దిగిందో నాకు తెలీదు. నేను గాలి మారేదాకా ఇక్కడే. నున్సియాకివ్వు."

నేను తీసుకున్నాను. వంట ఎలా సాగుతోందని అడుగుతుందనుకున్నా. అడగలేదు. "ఇక్కడ రేవులో ఒకాయన రాళ్ళ సందుల్లోంచి సముద్రపు ముళ్ళకాయలు పట్టి కోసిచ్చాడే," అంది. "నేను కొయ్యలేదు, కడగలేదు. కూర్చుని తిన్నాను. ఎవరో చేసి పెట్టింది తింటే రుచి వేరేగా ఉంటుంది. నాకు తెలీనే తెలీదు."

మావ మాత్రం వాకిట్లో కుర్చీ మీద రోజురోజుకీ కుంచించుకుపోయాడు. ఎవరైనా వచ్చి కాస్త్రో ఎలా ఉంటుందని అడిగితే, "మా ఆవిడ ఆ పక్కనే ఉంది. వచ్చాక ఆమెనడగండి," అనేవాడు. మిరపకాయలు వేయించి పెట్టినా ఒకటి తిని లేచేవాడు.

జులై చివర్లో ఒక పొద్దున్న, సరుకులు తెచ్చే మూడు చక్రాల బండిని కడుగుతూ కనిపించాడు. ఆదివారపు చొక్కా వేసుకున్నాడు. గడ్డం గీసుకున్నాడు.

"ఎక్కడికి మావా?"

"త్రికాజె రేవులో ఉందంటగా. తీసుకొచ్చేస్తా. ఇంక చాలు," అన్నాడు. "రాత్రి భోజనానికి ఇద్దరం ఉంటాం. మాకు రెండు పళ్ళేలు ఉంచు."

ఉంచాను. ఎవరూ రాలేదు. పడుకునే ముందు వాటి మీద మూతలు తీసి పిల్లులకి వేశాను. బియాజో అటూ ఇటూ తిరిగాడు. బండి ఎక్కడో గోతిలో పడుంటుందని అతని భయం. నాకు ఆ సోడా ఉప్పు డబ్బా మీదికే పోయింది దృష్టి.

మర్నాడు మధ్యాహ్నం ఫోన్ మోగింది. అవతల పళ్ళేల చప్పుడు, పిల్లల అరుపులు.

"నేనే. బార్లోంచి చేస్తున్నా," అన్నాడు మావ.

"రాత్రంతా ఎదురుచూశాం మావా. బాగున్నావా? అత్తేది?"



"నీళ్ళలో ఉంది."

"ఏమైంది?"

"ఏం కాలేదు. నీళ్ళలో ఉంది. మెడదాకా. ఎవరో ఇద్దరు ముసలమ్మలతో రాళ్ళ మీంచి దిగింది. ఇక్కణ్ణుంచి కనిపిస్తోంది." గొంతు సవరించుకున్నాడు. "ఇన్నేళ్ళు సముద్రం ఎదురుగా కాపురం చేశాం నున్సియా. ఆమెకి ఈత వచ్చని నాకు తెలీదు."

నాకూ తెలీదు. మా ఇంట్లో ఎవరికీ తెలీదు. పగటిపూట ఆమె వంటింట్లో ఉండేది.

"ఎప్పుడు బయల్దేరతారు?"

"బట్టలారాలి కదా," అని పెట్టేశాడు.

*

వాళ్ళ బట్టలు ఆగస్టు నెలాఖరు దాకా ఆరలేదు.

లేవుకా నుంచి ఒకసారి ఫోనొచ్చింది. అక్కడి చర్చిలో పాల్మీరా పేరున ప్రార్థన చేయించారట. షిరోక్కో వీస్తే ఇక్కడే ఉంటామని, త్రమొంతానాకి తిరిగితే గల్లీపొలి వైపు పోతామని అన్నాడు మావ. గాలుల గురించి ఆయన మాట్లాడడం నేను మొదటిసారి విన్నాను. మూడు చక్రాల బండి వేగం అత్తకి సరిగ్గా సరిపోయిందట. నడిచేవాళ్ళు కూడా దాన్ని దాటిపోతున్నారట.

"పదిహేనో తేదీ వేసవి పండగ, ఇల్లు జనంతో పగిలిపోతోంది, వీళ్ళు షికార్లు," అని బియాజో గొణిగాడు. కానీ ఆ గొణుగుడులో పదును లేదు. ఆ పండగ వెళ్ళిన సోమవారం అతనే పందిరి కింద బల్ల మీద చెయ్యి వేసి, ఈ రాత్రి మా ఇంట్లో వంట లేదని ప్రకటించాడు. ఇక సోమవారాలు ఉండదని కూడా అన్నాడు. అతిథులు మూతులు ముడుచుకుని ఊళ్ళోకి పీట్జాలకి పోయారు. మేమిద్దరం రోడ్డు దాటి వెళ్ళి, ఒడ్డున కూర్చుని, నీళ్ళలో కాళ్ళు పెట్టుకున్నాం. ఆ వేసవిలో సముద్రం నాకు తగలడం అదే మొదలు.

వాళ్ళొచ్చింది ఒక సాయంత్రం, బల్లలన్నీ నిండి ఉన్నప్పుడు. బండి చప్పుడు విని వంటింట్లోంచి తొంగి చూశాను. అత్త ఎండకి నల్లగా కమిలి, చెప్పుల పట్టీ ఒకటి తాడుతో కట్టుకుని దిగింది. మావ పెట్టె మోసుకుంటూ వెనకాల వచ్చాడు. పాతవాళ్ళు లేచి పలకరించారు. నేను చేతులు తుడుచుకుని, పొయ్యి ముందు నుంచి పక్కకి జరిగాను. ఆమె లోపలికొస్తే చోటుండాలని.

ఆమె లోపలికి రాలేదు. పందిరి చివర ఖాళీగా ఉన్న బల్ల చూసుకుని, కుర్చీ లాక్కుని కూర్చుంది. మావ ఎదురుగా కూర్చున్నాడు.

బియ్యం, ఆల్చిప్పల పళ్ళెం నేనే తీసుకెళ్ళి పెట్టాను. పక్కనే నిలబడ్డాను. ఆమె నిదానంగా తింది. అడుగున మిగిలిన రసం రొట్టె ముక్కతో తుడుచుకుని మరీ తింది.

"మిరియాలు ఎక్కువేశావు."

"నువ్వేసేదానికన్నా కొంచెం ఎక్కువ."

"నాకు నచ్చింది."

పక్క బల్ల మీది కొత్తవాళ్ళెవరో మావని త్రికాజె గురించి అడిగారు. ఆయన ముందుకి వంగి, రాళ్ళ మీంచి నీళ్ళలోకి ఎక్కడ దిగాలో చెప్పడం మొదలుపెట్టాడు. "అక్కడ కాదు, రెండో మెట్టు దగ్గర. నువ్వు జారిపడిన చోటు చెప్తున్నావు," అని అత్త సరిదిద్దింది. ఆయన నవ్వాడు.

తర్వాత ఆమె పళ్ళెం పక్కకి జరిపి, నా వైపు తిరిగింది.

"రేపేం వండుతున్నావు?"

పెళ్ళై ఆ ఇంటికొచ్చిన దగ్గర్నుంచి ప్రతి సాయంత్రం ఆ మాట ఆమెనడిగింది నేను. ఆమె చెప్పేది, నేను తరిగేదాన్ని.

"ఇంకా అనుకోలేదత్తా," అన్నాను. పక్కన కుర్చీ ఖాళీగా ఉంటే లాక్కుని కూర్చున్నాను.